గైరాన్ పచ్చగానే ఉంది, అందులో రకాలేవి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గైరాన్లు, అంటే ఊరి ఉమ్మడి మేత నేలలు, ఇతర గడ్డి భూముల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. జనగామ చల్కల నుంచి ములుగు దాకా ఒక్కొక్కరు ఒక్కో సంగతి అడిగారు. అన్నిటి వెనకా ఉన్న దిగులు మాత్రం ఒకటే: ఎండలు ముదిరి, వానల మధ్య బెట్ట పెరుగుతుంటే గడ్డిలో పెరిగే రకాలు ఏమైపోతున్నాయని.

ప్రశ్న: వానలు పడ్డంక మా ఊరి గైరాన్ పచ్చగనే అయితది. కని గొర్లు ఇష్టంగ మేసే రకాలు ఏడాదికేడాది తక్కువైతున్నయి. వెంపలి మాత్రం ఎటు చూసినా లేస్తున్నది. ఇది ఎండల వల్లనా, మా గొర్ల వల్లనా?
– గొర్ల కాపరి, రఘునాథపల్లి, జనగామ జిల్లా

రెండింటి వల్లా. బెట్ట మొక్కను బలహీనం చేస్తుంది. ఆ బలహీనమైన మొక్కనే గొర్రె మళ్లీ మళ్లీ కొరికితే అది చస్తుంది. ఈ వరుస అర్థమైతే మీ చేతిలో ఉన్నదేమిటో కూడా తెలుస్తుంది.

ముందు నీటి లెక్క చూడండి. మన ఎర్ర చల్కలో పై 15 సెంటీమీటర్ల మట్టి పూర్తిగా తడిసినా, మొక్క తాగగలిగే నీరు అందులో 15–20 మిల్లీమీటర్లే ఉంటుంది. వాన ఆగి ఎండ కాస్తే రోజుకు 4–5 మిల్లీమీటర్లు పోతుంది. అంటే నాలుగైదు రోజుల్లో పైపొర ఖాళీ. పదిహేను, ఇరవై రోజులు వాన మొకం చాటేస్తే, వేరు పైపొరలోనే ఉన్న మొక్క పని అయిపోయినట్టే. వేడి పెరిగిన కొద్దీ ఈ గడువు ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఆ గాలి మట్టి నుంచీ ఆకు నుంచీ ఎక్కువ గుంజుకుంటుంది, కురిసేటప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది మొత్తంలో అది పెద్ద అంకె. గడ్డికి మాత్రం అందులో చాలా భాగం వాగు పాలే. అందుకే “ఈ ఏడు వాన మామూలుగానే పడింది కదా” అన్న మాటతో గడ్డి సంగతి తేలదు. వాన పడని రోజులు వరుసగా ఎన్ని వచ్చాయో చూడాలి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లన్నా పడితేనే అది వాన రోజు.

ముందుగా పోయేవి గడ్డి మధ్య నేలబారుగా పాకే చిన్న పప్పుజాతి మొక్కలు. ఆలిసికార్పస్, చిన్న ఇండిగోఫెరా వంటివి. మీ గొర్లు మూతి పెట్టి ఏరుకు తినేవి ఇవే. వేరు బుడిపెల్లో నత్రజనిని పట్టి నేలకిచ్చేవీ ఇవే. మట్టి ఎండితే ఆ బుడిపెల పని ఆగిపోతుంది. తర్వాత దెబ్బ తినేవి డైకాంథియం, సెహిమా వంటి ఏళ్ల తరబడి బతికే మేత గడ్డి దుబ్బులు. వీటి వేరు లోతుగానే పోతుంది కనుక బెట్ట ఒక్కటే వీటిని చంపదు. కానీ కొత్త పిలక వేసే మొగ్గలు నేల నుంచి 5–7 సెంటీమీటర్లలోపే ఉంటాయి. బెట్టలో పిలక రాదు, ఉన్న ఆకును గొర్రె మొదలంటా కొరికేస్తుంది, వేరుకు తిండి అందదు. రెండు మూడేళ్లు ఇలాగే సాగితే దుబ్బు నడిమి నుంచి ఎండిపోతుంది. ఆ ఖాళీలో అరిస్టిడా వంటి ఏడాది గడ్డి, గొర్రె ముట్టని వెంపలి లేస్తాయి. దూరం నుంచి చూస్తే అదీ పచ్చగానే కనబడుతుంది.

మీరు చేయగలిగినది ఇది. గైరాన్‌ను మూడు తుకడలు చేయండి. ప్రతి ఏడూ ఒక తుకడను తొలకరి నుంచి గింజ రాలేదాకా, అంటే అక్టోబర్ చివరి వరకు, మూసి ఉంచండి. మరుసటి ఏడు ఇంకో తుకడ. తెరిచిన తుకడలోకైనా తొలి వాన పడ్డ ఆరు వారాల లోపు మందను తోలొద్దు. గడ్డి జానెడు దాటాక తోలండి, నాలుగు వేళ్ల ఎత్తుకు దిగగానే తీసేయండి.

ఎన్ని గొర్రెలను తోలొచ్చో లెక్క కూడా సులువే. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం పెట్టి అందులోని గడ్డి కోసి, కరకరలాడేదాకా ఎండబెట్టి తూచండి. ఇలా పది చోట్ల చేసి సగటు తీయండి. గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరానికి ఎన్ని కిలోలో వస్తుంది. సగటు 150 గ్రాములైతే ఎకరానికి 600 కిలోలు. అందులో సగం నేలకు వదలాలి. మిగిలిన 300 కిలోలు, 30 కిలోల గొర్రె రోజుకు దాదాపు ఒక కిలో ఎండు మేత తింటుంది కనుక, పది గొర్రెలకు ఒక నెల. మంద ఇంతకు రెట్టింపుంటే బెట్ట ఏడాదిలో సగం రోజులు వరిగడ్డి, సొప్ప, పల్లి కట్టె మీద సాకక తప్పదు. అందరి మందలూ తిరిగే ఉమ్మడి నేలలో ఇది ఒక్కరు పాటిస్తే నిలవదు. జూన్‌కు ముందే కాపరులంతా కూచుని తుకడలు తేల్చుకోవాలి.

ప్రశ్న: ఇదివరకు బతుకమ్మకు గునుగు పువ్వు ఊరి పొలిమేరలోనే దొరికేది. ఇప్పుడు అంగట్లో కొనాల్సి వస్తోంది. తంగేడు మాత్రం బాగానే పూస్తోంది. రెండింటికీ ఎందుకింత తేడా?
– ఉపాధ్యాయురాలు, పరకాల

చక్కని జంటను పట్టుకున్నారు. కరువు ఎవరిని ముందు తీసుకుపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తంగేడు బహువార్షిక పొద. తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది. ఒక ఏడు పూత తగ్గినా మొక్క నిలుస్తుంది. మేకలు కూడా పెద్దగా ముట్టవు. గునుగు అలా కాదు, ప్రతి ఏడూ గింజ నుంచే లేవాలి. నల్లగా మెరిసే ఆ చిన్న గింజ తొలకరికే మొలుస్తుంది. జూన్ మొదట్లో ఓ వాన పడి, తర్వాత మూడు వారాలు బెట్ట పెడితే ఆ మొలకల్లో చాలా భాగం మాడిపోతుంది. నేలలో మిగిలిన గింజ రెండో వానకు లేస్తుంది కానీ అప్పటికి పూత ఆలస్యం, మొక్క పొట్టి, కంకి చిన్నది. వరుసగా రెండు మూడేళ్లు ఇదే జరిగితే నేలలోని గింజ నిల్వ తరిగిపోతుంది.

అయితే నింద అంతా వానదే అంటే తప్పవుతుంది. గునుగు పెరిగేది బీడుల్లో, మెట్ట చేల గట్ల మీద. బీడు పత్తి చేనైంది, గట్టుకు గడ్డిమందు వచ్చింది. గ్లైఫోసేట్ వంటి మందు పూతకు ముందే కొడితే ఆ ఏడాది గింజే ఉండదు. బెట్ట తగ్గించిన దాన్ని మందు తుడిచేస్తుంది.

తిరిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. పండుగకు కోసేటప్పుడు ఐదు కంకుల్లో ఒకటి మొక్కకే వదలండి. బాగా ముదిరిన కంకులను కార్తీకంలో కోసి గుడ్డ మీద దులిపితే గింజ రాలుతుంది. దాన్ని పొడి సీసాలో దాచి, జూన్ చివర నేల బాగా తడిశాక గట్టు మీద కొంకితో పైపైన గీరి చల్లండి. మట్టి కప్పొద్దు, చేత్తో అదిమితే చాలు. లోతుగా పడితే మొలవదు. గింజ మొత్తం ఒకేసారి చల్లకుండా సగం దాచి, పదిహేను రోజులకు మళ్లీ చల్లండి. మొదటి విడత బెట్టకు పోయినా రెండోది దక్కుతుంది. చేను మధ్యలో గునుగు కలుపే, రైతును అక్కడ ఉంచమనలేం. కానీ గట్టు వెంట రెండు మీటర్ల పట్టీకి గడ్డిమందు కొట్టకుండా వదలమని అడగడం న్యాయమైన కోరిక.

ప్రశ్న: వేడి, కరువు గడ్డి మీద ఏం చేస్తాయో శాస్త్రవేత్తలు ఎలా పరీక్షిస్తారు? అక్కడి ఫలితాలు మనకు వర్తిస్తాయా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

కరువు కోసం గడ్డి మీద ఏటవాలు చట్రం నిలబెట్టి, పారదర్శక ప్లాస్టిక్ పట్టీలను ఎడం ఎడంగా బిగిస్తారు. పట్టీలు సగం పైకప్పును కప్పితే వానలో దాదాపు సగం పక్క కాలువలోకి పోతుంది. వెలుతురు మాత్రం పెద్దగా తగ్గదు. వేడి కోసం పైన తెరిచిన పారదర్శక గోడల గదులు గానీ, పరారుణ దీపాలు గానీ వాడతారు. పక్కనే ఏమీ చేయని మడి ఉంటుంది. తేడాను దానితోనే పోల్చాలి.

టిబెట్ పీఠభూమిలో 1998 నుంచి 2001 దాకా ఇలాంటి గదులతో చేసిన ప్రయోగంలో మొక్కల రకాలు 26–36 శాతం పడిపోయాయి. మేత కోసినట్టుగా గడ్డి కత్తిరించిన మడుల్లో ఆ నష్టం తగ్గింది. ఇది కాపరులు గుర్తుంచుకోవాల్సిన సంగతి. మేతను పూర్తిగా ఆపేస్తే ఎత్తు గడ్డి కింద చిన్నవి నీడకు చస్తాయి, మితిమీరితే దుబ్బులే చస్తాయి. అమెరికాలోని మిన్నెసోటాలో సీడర్ క్రీక్ మడులను 1987–88 కరువు తాకింది. అప్పుడు మొక్కల రకాల్లో మూడో వంతుకు పైగా పోయాయి, వాన మామూలైన తర్వాత కూడా వెంటనే తిరిగి రాలేదు. అంతకన్నా విలువైన సంగతి డేవిడ్ టిల్మన్ బృందం 1994లో బయటపెట్టింది. ఎక్కువ రకాలున్న మడుల్లో కరువుకు మేత దిగుబడి తక్కువ పడిపోయింది, త్వరగా కోలుకుంది. ఒక రకం వాడితే లోతు వేరున్న ఇంకో రకం నిలబడింది మరి. కాలిఫోర్నియాలో 2000–2014 మధ్య 80 చోట్ల చూస్తే, చలికాలపు వానలు తగ్గిన కొద్దీ స్థానిక ఏడాది పూమొక్కలు తగ్గాయి. మన గునుగు కథే అది.

ఆ అంకెలను మాత్రం మన దగ్గరికి తెచ్చి అతికించకూడదు. టిబెట్‌ది చల్లని గడ్డి. మనది నాలుగు నెలల వానలు, ఎనిమిది నెలల ఎండ. మన మేత గడ్డి దాదాపు అంతా వేడికి అలవాటుపడినదే. మనకు వర్తించేది క్రమం: పై వేరు ఏడాది మొక్కలు ముందు పోతాయి, రకాలు ఎక్కువున్న నేల ఎక్కువ తట్టుకుంటుంది.

ప్రశ్న: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్కలకు మేలే కదా?
– పాఠకుడు, వర్ధన్నపేట

కొన్నిటికి. ఎండదేశపు గడ్డిలో ఆ వాయువును ఆకులోనే కూడబెట్టుకునే ఏర్పాటు ఉంది, దాన్ని సి4 పద్ధతి అంటారు. గాలిలో ఇంకొంచెం పెరిగినందువల్ల దానికి వచ్చే లాభం తక్కువ. చెట్లు, పొదలు వంటివి ఆ ఏర్పాటు లేనివి కనుక వాటికి ఎక్కువ లాభం. అంటే గడ్డికి పోటీగా నిలిచేవాటికే బలం పెరుగుతుంది. గైరాన్‌లోకి సర్కారు తుమ్మ చొరబడడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పశువులు కాయ తిని పేడలో గింజ మోసుకెళ్లడం మరొకటి.

ప్రశ్న: మా ఊరి కంచె (మేత బీడు) నలబై ఎకరాలు ఖాళీగా ఉంది. మొత్తం మొక్కలు నాటితే ఎండ, కరువు తగ్గవా?
– గ్రామ పంచాయతీ సభ్యుడు, హుజూరాబాద్ మండలం

అది ఖాళీ నేల కాదండి. కాగితాల్లో ‘బంజరు’ అని రాసి ఉన్నా సరే, అక్కడ దుబ్బు గడ్డి, పప్పుజాతి మొక్కలు, ఎండాకాలం దుంపగా నిద్రపోయి తొలకరికి పూసేవి ఉంటే అది బతికున్న గడ్డి నేల. దాని మీద వరుస గుంతలు తవ్వితే ఏళ్లనాటి దుబ్బులు తెగుతాయి. చెట్లు గొడుగు కమ్మాక మన మేత గడ్డి నీడకు నిలవదు, దానికి నిండు ఎండ కావాలి. వానలు తక్కువైన ఏడు దగ్గర దగ్గరగా నాటిన నీలగిరి, సుబాబుల్ వేర్లు లోపలి తేమను కూడా తాగేస్తాయి. గడ్డి నేల దాచే కర్బనంలో ఎక్కువ పాలు మట్టిలోనే, వేర్లలోనే ఉంటుంది. అది కరువుకూ నిప్పుకూ అంత తేలిగ్గా లొంగదు.

మోదుగ, రేగు, నల్లతుమ్మ అక్కడక్కడ విడివిడిగా ఉంటే ఉండనివ్వండి. కొత్తవి నాటాలంటే చెరువు కట్ట, బాట పక్క, బడి, ఊరు ఉన్నాయి. మంచిర్యాల జిల్లాలోని ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు పేరుపడింది. ఆ జింకకు కావలసింది దట్టమైన అడవి కాదు, కంటికి ఆనేంత తెరపి గడ్డి.

కంచెలో చేయదగ్గ పని సర్కారు తుమ్మ తీయడం. పైన నరికితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వానలకు నేల మెత్తబడ్డాక, మట్టి తీసి, నేల మట్టానికి జానెడు కింద తల్లివేరును నరకండి. మొగ్గలన్నీ ఆ పైనే ఉంటాయి కనుక మళ్లీ లేవదు. తీసిన గుంతలో వెంటనే స్థానిక గడ్డి గింజ వేయాలి. వదిలేస్తే అక్కడ వయ్యారిభామ మొలుస్తుంది.

ప్రశ్న: రెండెకరాల బీడులో గడ్డి రకాలు తిరిగి పెంచాలని పోయిన ఏడు గింజ చల్లాం. పదోవంతు కూడా మొలవలేదు. ఎక్కడ తప్పు జరిగింది?
– రైతు, నర్సంపేట

మీ ఉత్తరంలో మూడు సంగతులు కనబడ్డాయి: అప్పుడే కోసిన గింజ, దున్నిన నేల, జూన్ మొదటి వానకే చల్లడం. మూడూ తప్పే.

చాలా మేత గడ్డి గింజలు కోసిన వెంటనే మొలవవు, నిద్రలో ఉంటాయి. అంజన్ గడ్డి గింజకు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాత బడనివ్వాలి. చల్లే ముందు వంద గింజలను తడి గుడ్డలో చుట్టి రెండు వారాలు చూడండి. ముప్పై కూడా మొలవకపోతే ఆ గింజను ఇంకొన్నాళ్లు ఆపడం మంచిది. స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క గింజకైతే పొట్టు గట్టి. మూడు వంతుల మరిగే నీటికి ఒక వంతు చన్నీరు కలిపితే దాదాపు 80 డిగ్రీలవుతుంది. అందులో గింజను నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి చల్లండి. నాలుగు నిమిషాలు దాటితే గింజ ఉడికిపోతుంది.

నేలను దున్నొద్దు. దున్నితే మిగిలిన దుబ్బులు పోతాయి, లోపల పడున్న కలుపు గింజలు పైకొస్తాయి. నేల కనబడే ఖాళీల్లో మాత్రమే వాలుకు అడ్డంగా కొంకితో వేలు లోతు గీతలు గీయండి. గింజ మీద అర సెంటీమీటరు మట్టి చాలు. సెంటీమీటరు దాటకూడదు.

గింజ తేలికైనది కనుక గాలికి పోతుంది, చీమలు మోసుకుపోతాయి. ఒక పాలు గింజ, ఒక పాలు పేడ, మూడు పాళ్లు బంకమట్టి, ఒక పాలు ఇసుక కలిపి శనగగింజంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగులుతాయి. మట్టి ఎక్కువైతే ఉండ రాయై, గింజ లోపలే చస్తుంది. అడుగు లోతు దాకా తేమ దిగాక, అంటే నాలుగైదు రోజుల్లో 50–60 మిల్లీమీటర్లు పడ్డాక, జూన్ చివరా జులై మొదట్లో చల్లండి. ఎకరానికి అంజన్ రెండు కిలోలు, స్టైలో రెండు కిలోలు సరిపోతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేత కోసమైతే ఆ రెండూ చాలు. రకాలు కావాలంటే చాలవు. స్టైలో దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అంజన్ మన మెట్టల్లోనిదే అయినా, ఒక్కటే వేస్తే మిగిలినవాటిని తొక్కేసే గుణం ఉంది. ఆస్ట్రేలియాలో అది పెద్ద బెడదైంది. అక్టోబర్, నవంబర్‌లో మీ ఊరి చుట్టూ పాత గట్లు, గుట్ట అంచుల నుంచి కనీసం ఆరేడు రకాల గడ్డి, పప్పుజాతి గింజలను చేత్తో దూసి పెట్టుకోండి. ఒక్కో చోట మూడో వంతుకు మించి దూయొద్దు. అంజన్, స్టైలో కలిపి మొత్తం గింజలో పావు వంతు దాటకుండా చూడండి.

యూరియా వేయకండి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ గడ్డి మడుల్లో 1856 నుంచి సాగుతున్న పరీక్షలో, నత్రజని వేసిన మడుల్లో రకాలు బాగా తగ్గిపోయాయి. ఎరువుకు ఒకటి రెండు గడ్డి రకాలు ఏపుగా పెరిగి, మిగతావాటిని నీడలో చంపాయి. చల్లిన మొదటి ఏడాది పశువును అసలు తోలొద్దు. రెండో ఏడు గింజ రాలాక కొంచెంగా తోలొచ్చు.

ప్రశ్న: మా బడి పిల్లలతో ఊరి గడ్డి రకాలు లెక్కపెట్టించాలనుంది. ఎలా మొదలుపెట్టాలి? ఎండాకాలం గడ్డిని కాలబెట్టే అలవాటు గురించి కూడా చెప్పండి.
– సైన్స్ టీచర్, ములుగు

కాల్చడం ముందు చెబుతాం. ఏటేటా మార్చి, ఏప్రిల్‌లలో కాలిస్తే నేల మీది గింజ, చిన్న పప్పుజాతి మొక్కలు నష్టపోతాయి. నిప్పుకు తట్టుకునే హెటెరోపోగాన్ పెరుగుతుంది. దాని సూదిముల్లు గొర్రె ఉన్నిలోకీ చర్మంలోకీ దిగుతుంది. ఎండు గడ్డి ఎక్కువైతే కోసి మోపు కట్టడం మేలు.

లెక్కకు ప్లాస్టిక్ పైపుతో మీటరు చదరం చట్రం చేయించండి. సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మధ్య దాకా సరైన కాలం, అప్పుడే గడ్డికి కంకులుంటాయి. కంకి లేని గడ్డిని గుర్తుపట్టడం పెద్దవాళ్లకే కష్టం. ఒక సూటి గీత మీద ఇరవై అడుగులకొకసారి చట్రం పెడుతూ ఇరవై చోట్ల చూడండి. పిల్లలు పూలున్న చోటే చట్రం పెట్టాలని చూస్తారు, అడుగుల లెక్క తప్పనివ్వొద్దు. ప్రతి చట్రంలో కనబడ్డ రకాలను నాలుగు గుంపులుగా రాయించండి: ఏళ్ల తరబడి బతికే గడ్డి, ఏడాది గడ్డి, పప్పుజాతి, మిగతా పూమొక్కలు. పేరు తెలియనిదానికి ‘తెలియనిది-1’ అని రాసి, ఒక కొమ్మను వార్తాపత్రిక మడతలో నొక్కి దాచండి. గీత రెండు కొసల్లో రాళ్లు పాతి, ప్రతి ఏడూ అదే గీత మీద, అదే వారంలో చూడాలి. నెల మారితే పోలిక చెడుతుంది.

పక్కనే రెండు మీటర్ల చదరం తుమ్మ కంపతో మూసి ఉంచండి. లోపల తగ్గని రకం బయట తగ్గితే మేత కారణం. లోపలా బయటా రెండు చోట్లా తగ్గితే వాన వైపు చూడాలి. అందుకు బడిలో వానమాపకం పెట్టి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు రాయించండి. సెలవు రోజు తప్పిపోతే మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం లెక్క తీసుకోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 2.5 మిల్లీమీటర్లకు తక్కువ పడిన రోజులు వరుసగా పది దాటిన ప్రతిసారీ, ఆ తేదీలను గడ్డి లెక్క రాసే నోటుబుక్కులోనే, అదే ఏడాది పేజీలో ఎర్ర సిరాతో రాయించండి.